వేలిముద్రలతో పిల్లల వ్యక్తిత్వం తేలుస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు రాకముందే కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరగడం మన గోదావరి జిల్లాల్లో కొత్తేం కాదు. ఈమధ్య వాళ్లు ఫీజు రాయితీతో పాటు 'పర్సనాలిటీ టెస్ట్' కూడా చేయిస్తామంటున్నారు. కొన్నిచోట్ల అరగంట సేపు ప్రశ్నలకు టిక్కులు పెట్టిస్తున్నారు. ఇంకొన్నిచోట్ల పది వేళ్ల ముద్రలూ స్కాన్ చేస్తున్నారు. తర్వాత రంగురంగుల గ్రాఫులతో రిపోర్టు చేతిలో పెట్టి, పిల్లాడికి ఎంపీసీ నప్పుతుందో బైపీసీ నప్పుతుందో, ఏ సెక్షన్‌లో కూర్చోవాలో తేల్చేస్తున్నారు. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి దీని మీద నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు వేలిముద్రల సంగతి. అవి తల్లి కడుపులోనే ఏర్పడతాయి, ఆ తర్వాత మారవు. ఆ గీతలు చూసి పిల్లాడి తెలివి, స్వభావం చెప్పొచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. మనోరోగ వైద్యుల జాతీయ సంఘం కూడా ఈ మాటే చెప్పింది. తీర్థంలో చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడే నయం, ఏదో పదో పరకో పుచ్చుకుని పోతాడు. దీనికి ఇంతకంటే ఎక్కువ రాయక్కర్లేదు.

ప్రశ్నలతో చేసే టెస్టులు అలా కొట్టిపారేసేవి కావు. వాటి వెనక సైకాలజిస్టుల వందేళ్ల ఆలోచన ఉంది. చిక్కేమిటంటే ఆ ఆలోచించినవాళ్లే ఒక మాట మీద లేరు. మనల్ని నడిపించేదాంట్లో చాలా భాగం మనకే తెలియదన్నాడు ఫ్రాయిడ్. ఆ లెక్కన పిల్లాడు తన గురించి తాను పెట్టుకున్న టిక్కులకు పెద్ద విలువ లేదు. యూంగ్ 1921లో రాసిన పుస్తకంలో మనుషుల్ని అంతర్ముఖులు (తమలో తాము ఉండేవాళ్లు), బహిర్ముఖులు (నలుగురిలో కలిసేవాళ్లు) అని విడదీశాడు గానీ, పూర్తిగా ఒకే రకానికి చెందిన మనిషి ఉండడని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం ఆధారంగా అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ మనుషుల్ని పదహారు రకాలు చేసి టెస్ట్ తయారుచేశారు. ఇద్దరిలో ఎవరూ సైకాలజీలో శిక్షణ పొందినవారు కారు. ఇవాళ మన పిల్లల రిపోర్టుల్లో కనిపించే INTJ లాంటి నాలుగక్షరాల ముద్ర వాళ్ల టెస్ట్‌దే. కొన్ని వారాలాగి అదే టెస్ట్ మళ్లీ రాస్తే చాలామందికి వేరే ముద్ర వస్తుంది.

ఉన్నవాటిలో నాకు గట్టిగా కనిపించేది గుణాల సిద్ధాంతం. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మనుషుల్ని వర్ణించే మాటలు సుమారు 18 వేలు ఏరారు. తర్వాతివాళ్లు కుదిస్తూ కుదిస్తూ అయిదు గుణాల దగ్గరికి వచ్చారు: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే తత్వం, ఊరికే టెన్షన్ పడే స్వభావం. ఫలానా గుణం ఎంత మోతాదులో ఉందో మాత్రమే ఈ సిద్ధాంతం చెబుతుంది. ఎక్కువమంది మధ్యలోనే తేలతారు. పైగా ఈ గుణాలు పెద్దగా మారవని వాదించిన కోస్టా, మెక్రే కూడా ఆ స్థిరత్వం ముప్ఫై ఏళ్ల వయసుకు గానీ రాదన్నారు. మరి పదిహేనేళ్లకే సెక్షన్ ఎలా నిర్ణయిస్తారు?

మా బంధువుల అబ్బాయి రిపోర్టు చూశాను. 'అంతర్ముఖుడు, చొరవ తక్కువ, పోటీకి తట్టుకోలేడు' అని ఉంది. వాణ్ణి కింది సెక్షన్‌లో వేశారు. అదే అబ్బాయి సెలవుల్లో తండ్రితో అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్తే, వెయ్యి కాయల ధర దగ్గర వ్యాపారితో పట్టుబట్టి బేరమాడతాడు. నాసికాయలని పక్కన పడేసినవి మళ్లీ రాశిలో కలిపించేదాకా ఊరుకోడు. క్లాసులో మాత్రం నోరు మెదపడు. వీడు ఏ ముఖుడు? వాల్టర్ మిషెల్ 1968లో సరిగ్గా ఈ ప్రశ్నే వేశాడు. టెస్టులో తేలిన గుణానికీ ఒకానొక సందర్భంలో మనిషి ప్రవర్తనకీ మధ్య సహసంబంధం (పొంతన అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) 0.30 దాటడం అరుదని చూపించి, అప్పటిదాకా టెస్టుల మీద ఉన్న ధీమాని కుదిపేశాడు. ఆ దెబ్బకి గుణాల పక్షంవాళ్లు, చాలా రోజులు గమనించి సగటు తీస్తే గుణం బయటపడుతుందని జవాబిచ్చారు. ఆ మాటా నిజమే. కానీ మన కాలేజీలు గమనించేది అరగంట.

అంతకుముందే, 1890లో, విలియం జేమ్స్ మనిషిని ఎరిగినవాళ్లు ఎంతమందో అతనికి అన్ని 'నేను'లు అన్నాడు. 1991లో మార్కస్, కితయామా ఇంకో సంగతి చెప్పారు. అమెరికాలో 'నేను' అంటే విడిగా నిలబడ్డ మనిషి. జపాన్ వంటి చోట్ల అయినవాళ్లతో కలిసి ఉన్న మనిషి. మన దగ్గరా అంతే కదా. 'నిర్ణయాలు ఒంటరిగా తీసుకుంటావా?' అన్న ప్రశ్నకి మన పిల్లాడు 'లేదు, మావయ్యని అడుగుతాను' అనుకుని కాదని టిక్కు పెడతాడు. రిపోర్టులో అది ఆత్మవిశ్వాసం లోపమై కూర్చుంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదీ కాదు. తానేమిటనుకుంటున్నాడో దానికీ, ఎలా ఉండాలనుకుంటున్నాడో దానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ మనిషి నలిగిపోతాడని కార్ల్ రోజర్స్ చెప్పాడు. 'నాకిది వచ్చు' అన్న నమ్మకమే ప్రయత్నాన్ని నిలబెడుతుందని బండూరా చెప్పాడు. 'నేనెవరు' అని వెతుక్కునే వయసు ఇదేనని ఎరిక్సన్ చెప్పాడు. ఆ వయసులో 'నీకు చొరవ తక్కువ' అని కాలేజీ స్టాంపు వేసి ఇస్తే పిల్లాడు దాన్నే నమ్ముతాడు.

రిపోర్టు అచ్చం మావాడిలాగే ఉందండీ అంటారు తల్లులు. 1948లో ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన విద్యార్థులందరికీ ఒకటే వర్ణన పంచి, ఎవరిది వాళ్లకే ప్రత్యేకంగా రాశానన్నాడు. ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులేయమంటే సగటు 4.26 వచ్చింది. ఆ వాక్యాలు చాలావరకు ఆయన ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి.

విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలని అందులో ఉంది. మార్కులతో విడదీయొద్దంటే టెస్టుతో విడదీయడం ఏ న్యాయం? టెస్టుల పేరుతో వసూలు చేసే డబ్బుతో కౌన్సెలర్‌కి జీతం ఇవ్వొచ్చు. లంక ఊళ్లనుంచి పంటు దాటి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లలకి ముందు కావలసింది వారానికోసారైనా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి.

ఇంటర్ బోర్డు అధికారులు వచ్చే అడ్మిషన్లలోగా వేలిముద్రల టెస్టులు ఆపించాలి. ఏ టెస్ట్ రిపోర్టుతోనూ గ్రూపు, సెక్షన్ నిర్ణయించకూడదని కాలేజీలకు రాతపూర్వకంగా చెప్పాలి. కౌన్సెలర్ పేరు, అర్హత నోటీసు బోర్డులో పెట్టించాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416 ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించాలి. ఇప్పటికే డబ్బు కట్టిన తల్లిదండ్రులు రసీదు అడగండి. ఆ టెస్ట్ చేసినవాళ్ల చదువేమిటో కూడా అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పాలకొల్లు