ఒక్క టిక్కు

ఆత్మకూరు
మంగళవారం రాత్రి

చి. లావణ్యకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ ఆ అడవి క్యాంపింగ్ నుంచి క్షేమంగా తిరిగొచ్చావని నిన్న మధ్యాహ్నం ఫోన్లో విన్నాక మనసు కుదుటపడింది. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావని, ఉత్తరంగా రాసి తమ్ముడి చేత ఈమెయిల్ చేయిస్తున్నా. డ్యూటీ నుంచి రాగానే చదవొద్దు. అన్నం తిని, కాళ్లు చాపుకుని కూర్చుని చదువు.

ఎండలు అప్పుడే ముదిరాయి. పెరట్లో మామిడికి ఈసారి పూత బాగా వచ్చింది, పిందె మాత్రం పలచగా నిలిచింది. మీ నాన్నకు బీపీ మాత్ర మార్చారు. లచ్చత్త మోకాలు అట్లాగే ఉంది, ఎంత చెప్పినా ఆపరేషన్‌కు ఒప్పుకోదు. శీను చిన్నాన్న వాళ్లు శివరాత్రికి శ్రీశైలం పోయొచ్చారు, ఈసారి బస్సులోనే. నీ పేరున విభూతి తెచ్చారు, దేవుడి గూట్లో పెట్టా.

నువ్వు పంపిన ఫోటోలు చూశాం. ముప్పై నాలుగు ఉన్నాయి. మీ నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కోటీ పెద్దది చేసి చూశారు. బ్లాక్ స్పర్ రోడ్డు పక్కన ఆ చెట్లు చూసి "ఇంత ఎత్తా!" అన్నారు. పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా బాగా ఎత్తు పెరిగేవాటిలో అవీ ఉన్నాయని, మౌంటెన్ ఆష్ అంటారని తమ్ముడు చదివి చెప్పాడు. నాకు మాత్రం నువ్వు వాగు ఒడ్డున కుర్చీ వేసుకుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఫోటోనే నచ్చింది. చేతిలో ఫోను లేదు, ఒళ్లో లాప్‌టాప్ లేదు. నీ ముఖం అంత తేటగా చూసి ఏడాది దాటింది. ఆ నైట్ షిఫ్టులు మొదలైనప్పటి నుంచి వీడియో కాల్‌లో నేను నీ కళ్ల కిందే చూస్తుంటా. "ఏం చెయ్యలేదమ్మా, ఊరికే కూర్చున్నాం, తిన్నాం, పడుకున్నాం" అన్నావు. అట్లాంటి రెండు రోజులు నీకు కావాలి. వెళ్లినందుకు నాకు కోపం లేదు. అది ముందే చెబుతున్నా.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి "తిన్నావా" అని మెసేజ్ పెట్టా. నీకప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. ఒక్క టిక్కు పడింది. డ్యూటీలో ఉన్నావేమో అనుకున్నా. శనివారం పొద్దున లేచి చూస్తే అదే ఒక్క టిక్కు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే రింగే కాలేదు. సాయంత్రం లచ్చత్త ఒక వీడియో పంపింది. "ఆస్ట్రేలియాలో అడవులు తగలబడుతున్నాయంట, మన పిల్ల ఉండేది ఆ పక్కేనా?" అని. ఆకాశమంతా ఎర్రగా, ఇళ్ల మీదికి నిప్పురవ్వలు. నాకు చేతులు ఆడలేదు. అది 2020 జనవరి నాటి పాత వీడియో అని తమ్ముడు తేల్చేసరికి అరగంట పట్టింది. అప్పుడు గానీ వాడికి గుర్తు రాలేదు, "అక్క ఏదో కేథడ్రల్ రేంజ్ అంది, జోసీ వాళ్లతో కలిసి బుక్ చేశారంట" అని. మ్యాప్ తీసి చూపించాడు. మెల్‌బోర్న్‌కు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, లిటిల్ రివర్ అనే వాగు పక్కన కుక్స్ మిల్ అని క్యాంపు చోటు. అక్కడితో ఆపొచ్చు కదా, ఆపలేదు. దగ్గర్లోనే మేరీస్‌విల్ అని ఊరు కనబడితే దాని గురించి పైకి చదవడం మొదలుపెట్టాడు. 2009 ఫిబ్రవరి 7న కార్చిచ్చు వచ్చి ఆ ఊరు దాదాపు మొత్తం కాలిపోయిందట. ఆ మంటల్లో విక్టోరియా రాష్ట్రం మీద 173 మంది పోయారట. ఇంక చదవొద్దురా అన్నా.

ఆదివారం కూడా అదే టిక్కు. మీ నాన్న ఏమీ అనలేదు. రాత్రి మూడుసార్లు లేచి నీళ్లు తాగారు.

అడవి అంటే బెదిరే మనుషులం కాదు మనం. నల్లమల పక్కనే పుట్టాం, పెరిగాం. నా పెళ్లైన మరుసటి ఏడు, 1996 శివరాత్రికి, మీ అవ్వ నన్ను కాలినడకన శ్రీశైలం తీసుకుపోయింది. ఆ కథ నీకు సగమే తెలుసు. వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి వీరభద్రుడికి మొక్కి, పెద్దచెరువు దగ్గర రాత్రికి పడుకునేవాళ్లం. నెత్తిన సద్దిమూట. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డలు. శీను చిన్నాన్నకు అప్పుడు పదిహేనేళ్లు. నాగలూటి దాటి మెట్లెక్కేటప్పుడు, బళ్లారి వైపు నుంచి వచ్చిన గుంపు ఒకటి భజన చేసుకుంటూ పోతుంటే, ఎవరికీ చెప్పకుండా వాళ్ల వెంట పోయినాడు.

మేం పెద్దచెరువు చేరేసరికి చీకటి పడింది. ఎటు చూసినా పొయ్యిలు, నెగళ్లు, పడుకున్న మనుషులు. చిన్నాన్న లేడు. మీ అవ్వ ఒక్కో మంట దగ్గరికీ పోయి, దుప్పటి ముసుగేసుకున్న వాళ్లను వంగి చూసి "శీనూ" అని పిలిచింది. వెనక నేను లాంతరు పట్టుకుని. అరవయ్యో డెబ్బయ్యో మంటలు తిరిగి ఉంటాం. ఒకచోట అచ్చం చిన్నాన్న మాదిరి చారల చొక్కా వేసుకున్న పిల్లోడు కనబడితే అవ్వ భుజం పట్టి లేపింది. వాడెవరో ఎమ్మిగనూరు పిల్లోడు, ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. వాడిని జోకొట్టి మళ్లీ పడుకోబెట్టాకే అవ్వ అక్కణ్నించి కదిలింది. మీ తాత ఇద్దరు చెంచువాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నాగలూటి దాకా పోయొచ్చాడు. చిన్నాన్న జాడ లేదు. మెట్ల పక్కన ఎక్కడైనా జారి పడ్డాడేమో, నీళ్ల కోసం దిగి దారి తప్పాడేమో, తలా ఒక మాట. ఆ రాత్రి అవ్వ రొట్టె ముట్టలేదు. చిన్నాన్న భాగం రెండు రొట్టెలు తువ్వాలులో కట్టి, ఆ మూట ఒళ్లో పెట్టుకుని చెట్టుకు ఆనుకుని కూర్చుంది. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా చూశాను. మూట ముడి విప్పుతుంది, మళ్లీ బిగిస్తుంది. విప్పుతుంది, బిగిస్తుంది.

పొద్దున భీముని కొలను దగ్గరికి దిగితే, నీళ్ల పక్కన కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు చిన్నాన్న. వాడికేమీ కాలేదు. ఆ గుంపువాళ్లు అన్నం పెట్టారు, దుప్పటి ఇచ్చారు, హాయిగా నిద్రపోయాడు. "వెనక మీరు వస్తారు కదా అనుకున్నా" అన్నాడు. తాత చెయ్యెత్తాడు. అవ్వ అడ్డం పోయి, మూట విప్పి, బిర్రబిగుసుకుపోయిన ఆ రొట్టెలు వాడి చేతిలో పెట్టి "తిను" అంది. రెండూ అయిపోయేదాకా ఎదురుగా కూర్చుంది. లేచి కొంగు దులుపుకుని "పోయేటోడివి చెప్పి పోరా" అంది. కైలాసద్వారం ఎక్కేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.

శనివారం రాత్రి ఆ మూట నా ఒళ్లో ఉన్నట్టే అనిపించింది తల్లీ.

హీల్స్‌విల్‌కు రాగానే సిగ్నల్ వచ్చి మెసేజ్‌లన్నీ ఒక్కసారి టకటకా పడ్డాయని చెప్పావు. అందులో నావి పంతొమ్మిది. సిగ్నల్ ఉండదని నీకు శుక్రవారమే తెలుసు కదా. కారు ఎక్కే ముందు "అమ్మా, సోమవారం దాకా ఫోన్ పనిచెయ్యదు" అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

మూడో ఫోటోలో మీ నీలం టెంటు మీదుగా పెద్ద కొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూశావా? ఆ గమ్ చెట్ల, అంటే నీలగిరి జాతి చెట్ల, కొమ్మలు గాలి లేకపోయినా, నిండు ఎండలో కూడా ఉన్నట్టుండి విరిగి పడతాయట. ఈసారి టెంటు వేసే ముందు నేల ఒక్కటే కాదు, తల పైకెత్తి కూడా చూడు. నీడ కోసం పెద్ద చెట్టు కింద వెయ్యొద్దు. మంట గురించి కూడా చెప్పాలి. చుట్టూ మూడు మీటర్ల మేర ఎండుటాకు, గడ్డి లేకుండా శుభ్రం చెయ్యాలని మీ రాష్ట్రంలో నిబంధనే ఉందట. పడుకోబోయే ముందు దాని మీద మట్టి కప్పి ఆరిపోయిందనుకోవద్దు. అవ్వ దాలిగుంటలో పాలు పెట్టేది, గుర్తుందా? పైన బూడిద చల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పు సాయంత్రం దాకా ఉంటుంది. నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆర్పాలి. టోటల్ ఫైర్ బ్యాన్, అంటే బయట మంటే పెట్టొద్దు అన్న రోజు ఆ జోలికే పోవద్దు. చలిగా ఉందని బొగ్గుల పొయ్యి టెంటు లోపలికి అసలు తేవొద్దు. కార్బన్ మోనాక్సైడ్ సంగతి నర్సువి, నాకంటే నీకే బాగా తెలుసు. కానీ నిద్రలో ఉన్నప్పుడు అది నర్సుకైనా తెలియదు.

పాము సంగతి రాయకుండా ఉందామనుకున్నా, చెయ్యి ఆగడం లేదు. మనవైపు వెనకటికి కాటు పైన తాడు బిగించి కట్టేవాళ్లు, కోసి రక్తం పీల్చేవాళ్లు. అవి రెండూ తప్పే. మీ దగ్గరి పాములకు కాటు పడిన చోటి నుంచి కాలంతా, లేదా చెయ్యంతా, వెడల్పాటి సాగే కట్టు గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, సాయం వచ్చేదాకా ఉంచాలట. కాటు కడగకూడదట. అట్లాంటి కట్టు రెండు చుట్టలు నీ సంచిలో ఉండాలి. జోసీ సంచిలో ఉందంటే కుదరదు, నీ సంచిలో. వాగు దాటేటప్పుడు రాళ్ల మీద దూకొద్దు. 2024లో క్వీన్స్‌లాండ్‌లో మిల్లా మిల్లా జలపాతం దగ్గర మునిగిపోయిన మన తెలుగు పిల్లలిద్దరి వార్త పేపర్లో చూసిన రోజు, ఆ తల్లులను తలచుకుని నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నా లోతు తెలియదు. నీకు ఈత వచ్చింది కూడా మన చెరువులో, తమ్ముడి పక్కన, మీ నాన్న కాపలాగా నిలబడితే.

అక్కడ ఆపదకు 000 కదా. మొబైల్ నుంచి 112 కొట్టినా దానికే పోతుందట. ఇక్కడ మనకూ 112నే. కానీ సిగ్నలే లేని చోట ఏ నంబరూ పనిచెయ్యదు. అప్పుడు పనికొచ్చేది, నువ్వు ఎక్కడున్నావో తెలిసి, చెప్పిన వేళకు రాలేదేమని అడిగే మనిషి ఒక్కరే.

తిండి సంగతి అడగడం మరిచా. రెండు రోజులూ బ్రెడ్డు, సాసేజీలేనా? ఆ బ్రెడ్డు కూడా రాత్రి పోసమ్ ఎత్తుకుపోయిందన్నావు, అంటే ఆదివారం పొద్దున ఏం తిన్నారు? ఈసారి పులిహోర కలుపుకుని పో. చింతపండు గుజ్జు బాగా ఉడికించి, నూనె పైకి తేలేదాకా దగ్గరికి రానిస్తే రెండు రోజులు నిలుస్తుంది. తినగా మిగిలింది గట్టి డబ్బాలో మూతపెట్టి కారులో ఉంచు, బయట పెడితే మళ్లీ ఆ జంతువులు వస్తాయి. వాంబాట్ టెంటు పక్కనే గడ్డి కొరుకుతుంటే ఆ చప్పుడు వింటూ పడుకున్నామన్నావు కదా, అది మీ నాన్నకు బాగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నారు. నక్షత్రాల మాట కూడా. మనకు వేసవి రాత్రుల్లో దక్షిణాన కింద ఎక్కడో కనిపించే త్రిశంకుడు నీకు అక్కడ అంత ఎత్తున నిలబడి ఉన్నాడా? చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని తాత నీకు చూపించాడు, నువ్వు మరిచిపోయి ఉంటావు.

గోపి మామ వాళ్లమ్మాయి వచ్చే నెల మెల్‌బోర్న్ వస్తోంది. ఆ పిల్ల చేత చెనిక్కాయల పొడి, కారప్పొడి పంపుతున్నా. ఏర్‌పోర్టులో కాగితంలో రాసి చూపించాలని చెప్పా. కరివేపాకు పెట్టడం లేదు, రానివ్వరని నువ్వే అన్నావు.

ఈస్టర్ సెలవులకు మళ్లీ వెళ్తామన్నావు. వెళ్లు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి, తమ్ముడి స్కేలుతో మూడు గీతలు గీసి ఉంచా. క్యాంపు పేరు, మీ టెంటు చోటు నంబరు ఒక గీత మీద. ఎవరెవరు వెళ్తున్నారు, కారు ఎవరిది అనేది రెండో గీత మీద. ఏ రోజు ఎన్ని గంటలకు సిగ్నల్‌లోకి వస్తారు అనేది మూడో గీత మీద. ఆ వేళ దాకా నేను ఒక్క ఫోన్ కూడా చెయ్యను. లచ్చత్త ఏ వీడియో పంపినా చూడను. బుధవారానికల్లా ఆ మూడూ చెప్పు, మీ నాన్న పెన్ను పట్టుకుని రాస్తానంటున్నారు.

ఇట్లు,
అమ్మ

తా.క.: నీళ్లలో కాళ్లు పెట్టుకున్న ఫోటో పెద్దది చేసి చూశా. ఎడమ మడమ పగిలింది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, కొబ్బరి నూనె రాసి సాక్స్ వేసుకో. కుడి మడమ ఫోటోలో కనబడలేదు, అది కూడా చూసి చెప్పు.