ఏడో తరగతి ‘సెట్’ ప్రశ్న గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతి ఇంగ్లీషు పేపర్‌లో ఇచ్చిన ఐదు మార్కుల ప్రశ్న మీద మూడు రోజులుగా వాట్సాప్ గ్రూపుల్లో చర్చ నడుస్తోందని తెలిసింది. ‘సెట్’ అనే మాటను ఐదు అర్థాల్లో వాడి ఐదు వాక్యాలు రాయమన్నాం. గైడులో లేని ప్రశ్న ఎలా ఇస్తారని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఆ ప్రశ్న ఇమ్మని టీచర్‌కి చెప్పింది నేనే. మార్కులు కలపడం కుదరదు.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది ఈ చిన్న మాటకే. 430 అర్థాలు, సుమారు 60,000 పదాల వివరణ! ‘సెట్ అంటే అమర్చు’ అని ఒక్కటే బట్టీ పట్టిస్తే పిల్లలు ఎంత పోగొట్టుకుంటారో చూడండి. సూర్యుడు అస్తమించినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, లెక్కల్లో సమితి కూడా సెట్టే. పక్కనున్న మాటలను బట్టే అర్థం తెలుస్తుంది. మన ‘పట్టు’ లేదూ? పట్టుచీర, నిద్ర పట్టడం, తుప్పు పట్టడం, గంట పట్టడం. ఇవి పిల్లలకు ఏ గైడూ నేర్పలేదు, ఇంట్లో మీ మాటలు వింటూ నేర్చుకున్నారు. ఇంగ్లీషు కూడా అలాగే రావాలని నా తపన.

ఒక పాప, వాళ్ల అవ్వ రాత్రి పెరుగు ‘సెట్’ చేస్తుందని, తెల్లారేసరికి అది ‘సెట్’ అవుతుందని రాసింది. తోడుపెట్టడానికీ తోడుకోవడానికీ ఇంగ్లీషులో ఒకటే మాట అని కింద పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంది. ఆ పేపర్ స్టాఫ్ రూమంతా తిరిగింది. సైకిల్ మీంచి పడి పుత్తూరు కట్టు కట్టించుకొచ్చిన బాబు, తన ఎముకను ‘సెట్’ చేశారని రాశాడు. వాడి నొప్పిలోంచి వచ్చిన వాక్యం అది!

పిల్లల చదువు మీద మీకున్న శ్రద్ధ మాకు ఎంతో సంతోషం. కానీ హోంవర్క్ నోట్సుల్లో పెద్దవాళ్ల చేతిరాత ఎక్కువైంది. ఫోన్‌లో వెతికి జవాబు మీరే చెప్పేయకండి. లైబ్రరీ నుంచి ఇంటికి పంపిన డిక్షనరీల్లో మూడు, కట్టిన దారం కూడా విప్పకుండా తిరిగొచ్చాయి. దయచేసి విప్పనివ్వండి.

రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టాలి, ఐడీ కార్డు లేకపోతే బస్సు ఎక్కనివ్వరు, పేరెంట్స్ మీటింగ్ రెండో శనివారం.

సోమవారం లైబ్రరీ పీరియడ్‌కి ఏడో తరగతి పిల్లలు ‘లైట్’ మీద ఐదు వాక్యాలు రాసుకురావాలి. వాళ్ల చేతిరాతతోనే.

ఇట్లు,
ప్రిన్సిపాల్