ఫోర్ వీల్ డ్రైవ్ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మంచు రోడ్ల మీదికి చాలామంది మడ్ టైర్లతోనే (బురద దారుల కోసం చేసినవి) జీపులు తీస్తున్నారు. ఇది ప్రమాదం. ఆ టైర్ల మీది రబ్బరు దిమ్మెలు పెద్దవి, వాటి మీద సన్నని చీలికలు దాదాపు ఉండవు. గడ్డకట్టిన మంచు మీద పట్టు దొరకదు. పైగా 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది. టైరు పక్క భాగం (సైడ్‌వాల్) మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు గుర్తు ఉందో లేదో చూడండి. అది మంచు పరీక్ష నెగ్గిన టైరని చెప్పే గుర్తు. 'ఎం ప్లస్ ఎస్' (మడ్, స్నో) అక్షరాలను నమ్ముకోవద్దు, వాటికి మంచు పరీక్ష అక్కర్లేదు. నాలుగు చక్రాలకూ ఈ మంచు టైర్లే, ఒకే రకం వేయాలి. ముందు రెండింటికే వేస్తే బ్రేకు కొట్టగానే బండి వెనక భాగం తిరిగిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది గానీ త్వరగా ఆపలేదు. టైరు మీది గాడుల (ట్రెడ్) లోతు 4 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయండి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. బండి తీయకముందే కొలవాలి.

— ఒక పాఠకుడు