సాయంత్రం ఒక గంట పిల్లలకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, కాలేజీ హాస్టల్లోనే ఉంటోంది. దసరాకు మూడు రోజులు సెలవిస్తే తీసుకురావడానికి వెళ్లాను. బస్సెక్కిన పది నిమిషాలకే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊరొచ్చాక లేపితే ఉలిక్కిపడి, ‘స్టడీ అవరా నాన్నా?’ అంది. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

పొద్దున ఐదున్నరకు లేస్తే రాత్రి పదిన్నర దాకా తరగతులు, స్టడీ అవర్లే. ఆదివారం పరీక్ష. చేరేటప్పుడు మాకు చూపించిన క్యారమ్ బోర్డు వార్డెన్ గదిలో గోడకు ఆనించి ఉంటుందట. ఎన్ని గంటలు చదివిస్తారని అడిగానే తప్ప, ఎప్పుడు ఆడుకోనిస్తారని నేనూ అడగలేదు. ఆ తప్పు నాదే.

ఇంటికొచ్చిన రెండో రోజు డాబా మీద పక్కింటి పిల్లలతో చీకటి పడేదాకా షటిల్ ఆడింది. చాలా నెలల తర్వాత దాని నవ్వు విన్నాం.

విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. ఇంటర్ బోర్డు అధికారులు ముందు చెప్పకుండా వచ్చి అది చూడాలి. సాయంత్రం గంటసేపు పిల్లల్ని బయటికి వదులుతున్నారో లేదో కూడా చూడాలి. మానసిక ఒత్తిడిలో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కానీ పిల్లల చేతిలో ఫోనేదీ? అంతస్తుకో ఫోన్ పెట్టించండి.

- ఒక తండ్రి, ఏలూరు