మదర్‌బోర్డు మార్చారు, నా ల్యాప్‌టాప్ వేరేవాళ్ళది అయిపోయింది

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: మదర్‌బోర్డు మార్చిన తర్వాత నా బిజినెస్ ల్యాప్‌టాప్ వేరే సంస్థ పేరుతో లాక్ అయిపోవడం, అయినా ఆ సర్వీస్ కాల్‌ను (రిపేరు ఫిర్యాదును) ‘పరిష్కారమైంది’ అని మూసేయడం గురించి.

అయ్యా,

ఈ ఉత్తరం ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. ల్యాప్‌టాప్ ఎదురుగా బల్ల మీదే ఉంది. మూత తీస్తే నేనెప్పుడూ పేరు కూడా వినని ఒక సంస్థ లోగో, దాని కింద ‘మీ ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అంటూ ఒక ఖాళీ గడి కనిపిస్తాయి. ఆ సంస్థలో నేను ఉద్యోగిని కాను. ఆ సంస్థ ఏం చేస్తుందో కూడా నాకు తెలియదు. ల్యాప్‌టాప్ కొన్నది నేను. బిల్లు నా పేరు మీద ఉంది, మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీ కూడా నా పేరు మీదే ఉంది. తొమ్మిది రోజుల క్రితం వరకు ఇందులోనే మా పనంతా జరిగేది.

మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. నేనూ, ఇద్దరు సహాయకులూ. ఇంట్లో వాడుకునే మోడల్ కాకుండా మీ బిజినెస్ సిరీస్ ఎందుకు తీసుకున్నానంటే, పాడైతే మరుసటి పనిదినానికే మనిషి వస్తాడని, విండోస్ ప్రో వేసి ఇస్తారని, విడిభాగాలు దొరుకుతాయని. ఆ నమ్మకంతోనే దీన్ని రెండు రోజులు కూర్చుని సెటప్ చేసుకున్నాను. అప్‌డేట్లు, బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే, బోర్డులో ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్, మెయిల్, ప్రింటర్, స్కానర్, క్లయింట్ల సర్వర్లకు భద్రంగా కలిపే వీపీఎన్. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మెషిన్‌కు ముడిపడి ఉంటుంది, దానికోసం వాళ్ళతో ఫోన్‌లో ఒక పూటంతా గడిచింది. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలని చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా కూడా పెట్టుకున్నాను. డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ (ఆ తాళం తెరుచుకోకపోతే కొట్టాల్సిన అంకెలు) ప్రింటు తీసి బిల్లుతో పాటు ఫైల్లో పెట్టాను. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, మీ ఫోన్ ప్రతినిధులకు సెటప్ అంటే అరగంట పని. మాకు అది ఆఫీసు మళ్ళీ తెరుచుకోవడం.

మొదట వచ్చిన సమస్య చాలా చిన్నది. చార్జర్ పెట్టే టైప్-సి పోర్టు లూజయింది. పిన్నును కొంచెం పైకి ఎత్తి పట్టుకుంటే పక్కన తెల్ల లైటు వెలిగేది, చెయ్యి తీస్తే ఆరిపోయేది. వారం రోజులు కేబుల్ కింద ఒక రబ్బరు ముక్క ఆనించి నెట్టుకొచ్చాను. తర్వాత అదీ పని చెయ్యలేదు. కాల్ లాగ్ చేశాను. పోర్టు బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు. గోరంత పోర్టుకు కొండంత రిపేరు ఏమిటో నాకు అర్థం కాలేదు కానీ, వారంటీలోనే కదా అని సరేనన్నాను.

న్యాయంగా చెప్పాలంటే, వచ్చిన ఇంజనీర్ పనితనంలో వంక పెట్టడానికేమీ లేదు. చెప్పిన టైముకే వచ్చారు. కింది కవర్ విప్పాక స్క్రూలు కలిసిపోకుండా ఒక కాగితం మీద ఏది ఎక్కడిదో అలాగే పేర్చారు. ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులిపారు. బోర్డు బిగించి ఆన్ చేస్తే మీ లోగో వచ్చింది, చార్జింగ్ లైటు నిలకడగా వెలిగింది. ఆ వెంటనే నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది.

“ఇదేంటండీ?” అన్నాను.

“అది విండోస్ ది మేడమ్, మా హార్డ్‌వేర్ పని అయిపోయింది. ఓటీపీ చెప్తే కాల్ క్లోజ్ చేసుకుంటాను.”

చెప్పాను. ఈ మొత్తం వ్యవహారంలో నా వైపు నుంచి జరిగిన తప్పు అదొక్కటే.

డిస్కు తాళం తీసే రహస్యం మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బోర్డు మారితే చిప్పూ మారుతుంది, కొత్త చిప్‌కు ఆ రహస్యం తెలియదు. కాబట్టి రికవరీ కీ అడగడం మామూలే, అది లోపం కాదు. కానీ బోర్డు విప్పే ముందు ‘మీ దగ్గర కీ ఉందా మేడమ్?’ అని ఒక్క మాట అడగాలి కదా! నా దగ్గర ప్రింటు ఉంది కాబట్టి సరిపోయింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు, వేలు పెట్టి చూసుకుంటూ కొట్టాను. అది దాచుకోని వాళ్ళ డిస్కులోని డేటా అంతా ఆ నీలం తెర వెనకాలే ఉండిపోతుంది.

విండోస్ తెరుచుకుంది. లాగిన్ పిన్ నంబరు పని చెయ్యలేదు, వేలిముద్ర పని చెయ్యలేదు. అవీ చిప్‌తో ముడిపడినవే కాబట్టి మళ్ళీ పెట్టుకున్నాను. తర్వాత స్క్రీన్ మూలన విండోస్ యాక్టివేట్ కాలేదన్న మెసేజ్ కనిపించింది. మీరు ఫ్యాక్టరీలో వేసిచ్చిన ప్రో లైసెన్సు కీ పాత బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్)లో ఉండేది, బోర్డుతో పాటే అదీ వెళ్ళిపోయింది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇది కొత్త కంప్యూటర్ అని మొండికేసింది. అనుమానం వచ్చి బయోస్‌లోకి వెళ్ళి చూశాను. అక్కడ ఉన్న సీరియల్ నంబరు వేరు, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న నంబరు వేరు. బయోస్‌లోని నంబరు మీ వెబ్‌సైట్‌లో కొడితే నాది కాని ఒక మోడల్ చూపించి, వారంటీ ముగిసిందని చెప్పింది.

ఇంతవరకూ కూడా నా పని ఎలాగో నడుస్తోందని దయచేసి గమనించండి. ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి, మెయిల్ వస్తోంది. యాక్టివేషన్ సంగతి సరి చేయించుకుందామని మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. మీ ప్రతినిధి అయిదు నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, “పీసీ రీసెట్ చెయ్యండి మేడమ్, అన్నీ తీసేసే ఆప్షన్ ఎంచుకోండి, ఫ్రెష్‌గా యాక్టివేట్ అయిపోతుంది” అన్నారు. వేరే దారి లేదా అని రెండుసార్లు అడిగాను. లేదన్నారు. బ్యాకప్ ఉంది కదా అన్న ధైర్యంతో చేశాను.

భాష అడిగింది, కీబోర్డు అడిగింది, వైఫై అడిగింది. వైఫై కలిపాక కాసేపు చక్రం తిరిగింది. ఆ తర్వాత వచ్చిందే మొదట్లో చెప్పిన లోగో. ఒక్క క్షణం ఎవరో హ్యాక్ చేశారనుకున్నాను. టెన్షన్‌లో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే.

ఇది హ్యాకింగ్ కాదు, విండోస్ ఆటోపైలట్ అని తర్వాత తెలుసుకున్నాను. పెద్ద సంస్థలు వందల ల్యాప్‌టాప్‌లు ఒక్కసారే కొంటాయి. ఒక్కోదాన్నీ విడిగా సెటప్ చెయ్యకుండా, ప్రతి మెషిన్ హార్డ్‌వేర్ గుర్తింపును ముందే మైక్రోసాఫ్ట్ దగ్గర తమ పేరు మీద నమోదు చేయించుకుంటాయి. ఆ మెషిన్ మొదటిసారి, లేదా రీసెట్ అయ్యాక, ఇంటర్నెట్‌కు కలవగానే ‘నేను ఫలానా సంస్థదాన్ని’ అని గుర్తుపట్టి ఆ సంస్థ లాగిన్ తెచ్చిపెడుతుంది. దొంగతనం జరిగినా పనికొచ్చే మంచి ఏర్పాటే. ఆ గుర్తింపులో ముఖ్యమైన భాగం మదర్‌బోర్డుతోనే వస్తుంది. అందుకే విండోస్ ఎన్నిసార్లు కొత్తగా వేసినా, డిస్కు (ఎస్ఎస్‌డీ) మార్చినా అది పోదు. నమోదు చేసిన సంస్థ ఐటీ వాళ్ళు తమ జాబితాలోంచి తీసేయాలి, లేదంటే సరైన కాగితాలతో మైక్రోసాఫ్ట్ సపోర్టు ద్వారా తీయించాలి. రెండూ నా చేతిలో లేనివే.

అంటే మీరు నాకు బిగించింది ఎవరి ల్యాప్‌టాప్‌లోంచో తీసిన బోర్డు. బాగుచేసిన బోర్డు వాడొద్దని నేను అనను, మీ వారంటీ నిబంధనల్లో ఆ సంగతి రాసే ఉంది. కానీ బోర్డును బాగుచేసిన వాళ్ళు అది ఇంకా ఎవరి పేరు మీదైనా నమోదై ఉందేమో చూడలేదు. బిగించిన మనిషి నా సీరియల్ నంబరు అందులో రాయలేదు. ఫోన్‌లో సలహా ఇచ్చిన వారు అసలు బోర్డు మారిందన్న సంగతే చూసినట్టు లేదు. చూసి ఉంటే ముందు అడగాల్సిన ప్రశ్న సీరియల్ నంబరు గురించి, రీసెట్ గురించి కాదు.

తర్వాత నడిచిన ఫోన్ కాల్స్ గురించి పొడుగ్గా రాయను. ఒకరు “మీ ఐటీ డిపార్ట్‌మెంట్‌ను సంప్రదించండి” అన్నారు. మా ఆఫీసులో ఐటీ డిపార్ట్‌మెంట్ నేనే, కావాలంటే లైన్‌లోనే ఉన్నానన్నాను. ఆయన నవ్వలేదు. ఇంకొకరు నెట్ కలపకుండా సెటప్ చేసుకోమన్నారు. విండోస్ 11 సెటప్ మామూలుగా నెట్ లేకుండా ముందుకు పోదని ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. ఏదో అడ్డదారిలో దాటించినా, రేపు మళ్ళీ రీసెట్ చేసిన రోజున అదే లోగో వచ్చి కూర్చుంటుంది. ఈ ల్యాప్‌టాప్‌ను ఎప్పుడైనా అమ్మాలన్నా, మా సహాయకులకు ఇవ్వాలన్నా అదే గొడవ.

అన్నిటికంటే బాధ కలిగించింది నాలుగో కాల్. బిల్లు పంపమన్నారు, పంపాను. కాసేపటికి ఫోన్ చేసి, “బిల్లులో ఉన్న సీరియల్ నంబరుకూ మెషిన్‌లో ఉన్న నంబరుకూ తేడా ఉంది, ఈ మెషిన్ మీదేనని ఎలా నమ్మాలి?” అన్నారు. మెషిన్‌లోని నంబరు మార్చింది మీ మనిషి. ఆ బోర్డు మార్పిడి కాగితం మీద సంతకం పెట్టింది నేను. మీరే నంబరు మార్చి, నంబరు మారిందేమని నన్నే అడిగితే నేనేం చెప్పాలి? దొంగ సొత్తు పట్టుకొచ్చినదాన్ని చూసినట్టు మాట్లాడారు. ఆ కాల్ రికార్డింగ్ మీ దగ్గరే ఉంటుంది, దయచేసి మీరు స్వయంగా వినండి.

నాకు ఇంకో సందేహం కూడా ఉంది. నా పాత బోర్డు ఇంజనీర్ తీసుకెళ్ళారు. నా సీరియల్ నంబరు, నా విండోస్ కీ అందులోనే ఉన్నాయి. రేపు దాన్ని బాగుచేసి ఇంకెవరికో బిగిస్తే, నా మిగిలిన వారంటీ వాళ్ళ మెషిన్‌లో కనిపిస్తుందా? దీనికి మీ నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇప్పుడు నేను అడిగేది ఇదీ. ఎవరి పేరు మీదా నమోదు కాని కొత్త బోర్డు వేసి ఇవ్వండి, నా మొదటి కోరిక అదే. అది కుదరదంటే, ఆ సంస్థతోనో మైక్రోసాఫ్ట్‌తోనో మీరే మాట్లాడి ఈ బోర్డు నమోదు తీయించి, తీయించినట్టు నాకు కాగితం ఇవ్వండి. ఆ సంస్థకు నన్ను ఫోన్ చెయ్యమనకండి. ముక్కూమొహం తెలియని వాళ్ళకు నేను ఫోన్ చేసి ‘మీ బోర్డు నా దగ్గరుంది’ అని చెప్పే పరిస్థితి తెచ్చింది మీరు. ఏ బోర్డు ఉంచినా, అడుగున స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబరు, మోడల్ పేరు బయోస్‌లో రాయించాలి. ప్రో లైసెన్సు యాక్టివేట్ చేసి ఇవ్వాలి. వెబ్‌సైట్‌లో నా వారంటీ సరిగ్గా చూపించాలి, ఈ పాడైన రోజులు దానికి కలపాలి. ‘పరిష్కారమైంది’ అని మూసిన కాల్‌ను మళ్ళీ తెరవాలి. పని పూర్తయ్యేదాకా నాకు వాడుకోవడానికి ఒక మెషిన్ పంపాలి. నెలాఖరు దగ్గర పడింది, క్లయింట్ల జీతాల లెక్కలు సహాయకురాలి పాత ల్యాప్‌టాప్‌లో వంతులేసుకుని చేస్తున్నాం. ఆవిడ మధ్యాహ్నం దాకా, నేను సాయంత్రం నుంచి.

నష్టపరిహారం సంగతి ఈ ఉత్తరంలో ఎత్తడం లేదు. ముందు నా ల్యాప్‌టాప్ నాకు కావాలి. ఏడు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, బోర్డు మార్పిడి కాగితం, అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో, బయోస్ ఫొటో, ఆ లాగిన్ స్క్రీన్ ఫొటో జతచేశాను. లాగిన్ స్క్రీన్ ఫొటోలో ఆ సంస్థ పేరు కనిపిస్తుంది. అది మీ పని కోసమే పంపుతున్నాను, ఇంకెవరికీ చూపించలేదు.

ఇంజనీర్‌ను పంపే ముందు ఒక్క రోజు ముందుగా చెప్పండి. ఆయన పని అయ్యాక నేను ఆయన ఎదుటే పీసీ రీసెట్ చేసి, వైఫై కలిపి, చివరిదాకా సెటప్ చేసి చూస్తాను. గంటన్నర పట్టవచ్చు, ఆ టైము పెట్టుకుని రమ్మనండి. ఓటీపీ ఆ తర్వాతే చెప్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు
(పేరు, ఫోన్ నంబరు, కాల్ నంబరు జతచేసిన కాగితాల్లో ఉన్నాయి)