స్క్రీన్ సైజును పట్టిక చివరికి నెట్టేశాం: ట్రాక్టర్ క్యాబిన్ల గురించి మా కస్టమర్లకు

మా దగ్గర ట్రాక్టర్లు చూసుకునేవారికి, క్యాబిన్‌లో ఎలక్ట్రానిక్స్ బిగించుకునేవారికి ఒక మాట. మోడళ్లను పోల్చి చూపడానికి ఇన్నాళ్లూ మేం ఇచ్చిన పట్టికలో మొదటి గడి స్క్రీన్ సైజుది. అది మా పొరపాటే. కొత్త పట్టికలో ఆ గడి అట్టడుగున ఉంటుంది.

స్క్రీన్ల సంగతి ముందే తేల్చేద్దాం. ఫెంట్‌వన్ టెర్మినల్ 12 అంగుళాలు. జాన్ డీర్ జీ5 10.1, జీ5 ప్లస్ 12.8. వాల్ట్రా స్మార్ట్‌టచ్ 9. అంత చిన్న స్క్రీన్ మీదా గైడెన్స్ (ఉపగ్రహ సిగ్నల్‌తో ట్రాక్టరుకు దారి చూపేది) నడుస్తుంది, సెక్షన్ కంట్రోలూ (స్ప్రేయర్ లాంటి పనిముట్టును ముక్కలుముక్కలుగా తెరిచి మూసేది) నడుస్తుంది. చూడాల్సింది ఒక్కటే: గైడెన్స్, స్ప్రేయర్, వెనక కెమెరా ఒకేసారి కనబడతాయా, లేక పేజీలు తిప్పుకుంటూ కూర్చోవాలా.

ఇప్పుడు అసలు విషయం. బ్రోచర్‌లో "గైడెన్స్ రెడీ" అని ఉంటే ఆటోస్టీరింగ్ వచ్చేసినట్టు కాదు. మామూలుగా స్టీరింగ్ వాల్వు, చక్రం కోణం చూసే సెన్సరు, వైరింగ్ మాత్రమే ఉంటాయి. రిసీవరు వేరు, స్క్రీన్‌లో తాళం తీసే లైసెన్సు వేరు, ఉపగ్రహం చూపే స్థానంలో తప్పును సరిదిద్దే కరెక్షన్ సిగ్నల్ చందా వేరు. సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరైతే లైసెన్సులు పాత యజమాని ఖాతాలోనో, అతను విప్పుకుపోయిన రిసీవరులోనో ఉండిపోవచ్చు. స్క్రీన్ వెలిగిందని సంబరపడకుండా, లైసెన్సుల పేజీ తెరిచి ఏవి నిజంగా యాక్టివ్‌గా ఉన్నాయో చూడండి. ఇకపై ఆ పేజీ ఫొటో లేకుండా మేం ఏ పాత ట్రాక్టరునూ చూపించం.

ట్రాక్టరూ పనిముట్టూ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి ఐసోబస్. దాని దగ్గర కూడా ఇదే మోసం. వెనకున్న 9 పిన్నుల సాకెట్ అన్నింటికీ ఒకేలా ఉంటుంది. దాని వెనక ఉన్న ఐఎస్ఓ 11783 ప్రమాణంలో మాత్రం పనులు విడివిడి ముక్కలు. యూనివర్సల్ టెర్మినల్ ఉంటే పనిముట్టు తెర మీ స్క్రీన్‌లో కనబడుతుంది, అంతే. టీసీ అంటే టాస్క్ కంట్రోలర్. అందులో టీసీ-బేసిక్ చేసిన పని మొత్తాలు లెక్క రాస్తుంది. మ్యాపు ప్రకారం ఎరువు మోతాదు మార్చాలంటే టీసీ-జియో కావాలి, సెక్షన్లు వాటంతటవే మూసుకోవాలంటే టీసీ-ఎస్‌సీ కావాలి. గడ్డి కట్టలు కట్టే బేలరే ట్రాక్టరును ఆపాలంటే, పనిముట్టు చేతికి ట్రాక్టరును అప్పగించే టిమ్ ఉండాలి. ఏది కావాలన్నా ట్రాక్టరు వైపు, పనిముట్టు వైపు రెండింటా ఉండి తీరాలి. జాయ్‌స్టిక్ బటన్లకు పనిముట్టు పనులు అప్పజెప్పే ఆక్స్‌లోనూ పాత 'ఓ', కొత్త 'ఎన్' అని రెండు రకాలు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఐసోబస్ పొంతనలు చూసే ఏఈఎఫ్ అనే పరిశ్రమ సంస్థ 2008లో ఏర్పడింది. దాని డేటాబేస్‌లో రెండు మోడళ్లనూ పక్కపక్కన పెట్టి సరిచూడవచ్చు. అది చూడకుండా టిమ్ పనిచేస్తుందని ఇకమీద మాట ఇవ్వం.

సెక్షన్ కంట్రోల్ ఆన్ అయినా చేను చివర మందు పడని చోట్లు మిగులుతున్నాయా? తప్పు చాలాసార్లు వాల్వు ఆలస్యం సెట్టింగులో ఉంటుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ట్రాక్టరు సెకనుకు 2.8 మీటర్లు పోతుంది. అర సెకను తేడా అంటే దాదాపు 1.4 మీటర్లు. తెరుచుకునే ఆలస్యం, మూసుకునే ఆలస్యం వేర్వేరుగా కొలవాలి. నీళ్లతో కొట్టి, రోజూ నడిపే వేగంలోనే చూడాలి.

ఆటోస్టీరింగ్ వంకర పోతోందంటూ వచ్చే ఫిర్యాదుల్లో సిగ్నల్ తప్పు తక్కువ, కొలతల తప్పు ఎక్కువ. సాళ్ల గుంపుల మధ్య ఎడం ప్రతిచోటా సమానంగా ఎక్కువుంటే పనిముట్టు వెడల్పు తప్పుగా కొట్టారు. ఒకటి వెడల్పు, మరొకటి ఇరుకు, మళ్లీ వెడల్పు అని మారుతుంటే పక్కకు జరుగుడు ఉంది. వెడల్పు ఎడానికీ ఇరుకు ఎడానికీ మధ్య తేడాను 4తో భాగించండి. ట్రాక్టరు జరిగిన దూరం అదే. అయితే ఆ అంకెను వెంటనే ఆఫ్‌సెట్‌లో (పక్క జరుగుడును సరిచేసే సెట్టింగులో) వేసేయకండి. ట్రాక్టరు ఎంత పక్కకు ఒరిగిందో కొలిచే వాలు క్యాలిబ్రేషన్ తప్పినా లక్షణం ఇదే: యాంటెనా 3 మీటర్ల ఎత్తున ఉంటే 1 డిగ్రీ తప్పుకు నేల మీద 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ముందు రెండు వైపుల టైర్లలో గాలి సమానం చేసి, చదును నేల మీద అదే గుర్తు దగ్గర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి నిలిపి వాలు క్యాలిబ్రేట్ చేయండి. అప్పటికీ మిగిలితేనే ఆఫ్‌సెట్.

ఉచిత ఉపగ్రహ కరెక్షన్‌తో ఒక సాలుకూ పక్క సాలుకూ 15 నుంచి 20 సెంటీమీటర్ల తేడా రావచ్చు. మందు కొట్టడానికి అది చాలు, విత్తనానికి చాలదు. విత్తనానికి ఆర్‌టీకే (నేల మీది స్టేషన్ నుంచి వచ్చే కరెక్షన్) కావాలి, దాంతో తేడా 2 నుంచి 3 సెంటీమీటర్లే. ఆర్‌టీకే ఉన్నా 2024 మే 10, 11 తేదీల్లో సౌర తుపాను వచ్చినప్పుడు అమెరికాలో విత్తే సమయానికి చాలా ట్రాక్టర్లకు గురి తప్పింది. అలాంటి రోజు ఏ సెట్టింగూ ముట్టుకోకండి, ఆగితే చాలు.

ఇక కరెంటు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా స్క్రీన్ ఆరి మళ్లీ వెలుగుతుంటే తప్పు స్క్రీన్‌ది కాకపోవచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసిన లైనా, తుప్పు పట్టిన ఎర్తా, బలహీనమైన బ్యాటరీయా, ఈ మూడూ ముందు చూడాలి. కొత్తగా బిగించే స్టీరింగ్ మోటారుకు బ్యాటరీ నుంచే నేరుగా మందపు లైను, బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేస్తాం. చవక ఎల్‌ఈడీ లైట్లు యాంటెనా పక్కన పెట్టకండి, కొన్ని సిగ్నల్‌ను పాడుచేస్తాయి. తాళం తీసిన వెంటనే బ్యాటరీ స్విచ్ తిప్పేయడం మానండి. స్క్రీన్ పని వివరాలు రాసుకోవాలి, ఇంజను పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం పంపు గొట్టాలు ఖాళీ చేసుకోవాలి.

ఒక పని మాత్రం ఎవరు అడిగినా చేయం. ట్రాక్టరు బోల్తా పడితే డ్రైవర్ని కాపాడేది క్యాబిన్ ఫ్రేము. బ్రాకెట్ కోసం దాని స్తంభాలకు రంధ్రం వేయం, వెల్డింగ్ పెట్టం. కంపెనీ ఇచ్చిన బోల్టు చోట్లే వాడతాం.

గాలి ఫిల్టరు గడిని పట్టికలో పైకి తెచ్చాం. యూరప్ ప్రమాణం ఈఎన్ 15695లో 4 కేటగిరీలున్నాయి: కేటగిరీ 2 దుమ్మును ఆపుతుంది, కేటగిరీ 3 దుమ్ముతో పాటు తుంపరనూ, కేటగిరీ 4 ఆవిరిని కూడా. మందు కొట్టేవారికి 4 ఉందో లేదో అడగడం స్క్రీన్ అంగుళాలు అడగడం కన్నా ముఖ్యం. ఆవిరిని ఆపే కార్బన్ ఫిల్టరును కడిగినా, కంప్రెసర్‌తో ఊదినా పాడవుతుంది. దున్నేటప్పుడు దాన్ని తీసి మామూలుది పెట్టుకోండి, లేకపోతే దుమ్ముతో పూడిపోతుంది. మందు కొట్టేటప్పుడు లోపలి గాలినే తిప్పే మీట వేస్తే క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గి సందుల్లోంచి మందు గాలి లోపలికొస్తుంది.

పట్టిక అడగడానికి వచ్చేటప్పుడు ట్రాక్టరు మోడలు, స్క్రీన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్, లైసెన్సుల పేజీ, పనిముట్టు మీది ప్లేటు ఫొటోలు తీసుకురండి. ఆ నాలుగూ ఉంటే ఏది దేనితో కలుస్తుందో కూర్చున్న చోటే చెప్పేస్తాం.