గ్రైండరు గార్డు తీయొద్దురా

ఒరేయ్ సత్యం,

పశువుల పాకకి గేటు నువ్వే చేసుకుంటున్నావంటే చాలా సంతోషం వేసింది. కానీ నువ్వు పంపిన ఫోటో చూశాక టెన్షన్ పట్టుకుంది. ఇనుము కోసే గ్రైండరుకి గార్డు, అదే బ్లేడుని సగం కప్పే రేకు తొడుగు, లేదు. ఫోన్ చేస్తే, "అడ్డం వస్తుందని షాపు కుర్రాడే తీసిచ్చాడు" అన్నావు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నీది 4 అంగుళాల మిషను. దాని మీద అంటించిన రేకు చదువు, నిమిషానికి 11,000 చుట్లకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ వేగంలో బ్లేడు అంచు గంటకి 200 కిలోమీటర్ల లెక్కన తిరుగుతుంది. ఇనుము కోసే పల్చటి బ్లేడు మందమేమో ఒక్క మిల్లీమీటరు. నిటారుగా కోస్తున్నంతసేపూ గట్టిగానే ఉంటుంది, కాస్త పక్కకి వంచితే విరుగుతుంది. ముక్క ఎటు వస్తుందో చూసి తప్పుకునే టైం ఎవరికీ ఉండదురా. దానికీ నీ మొహానికీ మధ్య అడ్డం ఉండేది ఆ గార్డే.

అసలు చాలామంది గార్డు ఎందుకు తీస్తారంటే, పెద్ద బ్లేడు పట్టడానికి. ఇక్కడ మా ఆటోనగర్‌లోనూ చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది. 7 అంగుళాల బ్లేడు మీద 8,500 అని అచ్చు వేసి ఉంటుంది, అంతకు మించి తిప్పకూడదని. దాన్ని నీ మిషనుకి బిగిస్తే తిరుగుతూనే పేలిపోవచ్చు. చెక్క కోసే పళ్ల బ్లేడైతే అసలే వద్దు. పళ్లు చెక్కలో పట్టేశాయంటే మిషను చేతిలోంచి తన్నుకొస్తుంది. బ్లేడు కొనేటప్పుడు మధ్యలో ఉండే రింగు మీద గడువు తేదీ కూడా చూసుకో.

ఇనుము కోసేటప్పుడూ మిషను తన్నుతుంది. పైపుని రెండు చివర్లా ఆనించి మధ్యలో కోశావనుకో, తెగేకొద్దీ పైపు కుంగి బ్లేడుని నొక్కేస్తుంది. అందుకే పైపుని క్లాంపుతో బిగించి, తెగి పడాల్సిన ముక్క గాల్లో ఉండేలా పెట్టుకో. పక్క హ్యాండిల్ బిగించి రెండు చేతులతో పట్టుకో. బ్లేడుకి సూటిగా కాకుండా కాస్త పక్కకి నిలబడు.

మీ ఊళ్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, ఇది బాగా గుర్తుపెట్టుకో. నీ మిషనుది ముందుకి తోస్తే లాక్ పడే స్విచ్. కోత మధ్యలో కరెంటు పోయిందని అలాగే నేల మీద పెట్టి వెళ్లావంటే, కరెంటు రాగానే దానంతట అదే తిరగడం మొదలుపెట్టి దొర్లుతుంది. అక్కడ పిల్లలుంటారు, దూడలుంటాయి. కరెంటు పోగానే స్విచ్ వెనక్కి లాగి ప్లగ్ పీకెయ్. బ్లేడు మార్చేటప్పుడు కూడా ప్లగ్ బయటే ఉండాలి. పాకలో నేల ఎప్పుడూ తడే కాబట్టి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. షాకు కొడితే ప్రాణం మీదకి రాకముందే కరెంటు ఆపేస్తుంది.

రవ్వల సంగతి. గడ్డివాము పక్కన కోయొద్దు. రవ్వ గడ్డిలో పడితే వెంటనే మంట కనపడదు, లోలోపల రాజుకుంటుంది. పని వాకిట్లోకి మార్చుకో, బకెట్టు నీళ్లు దగ్గర పెట్టుకో, అయ్యాక కూడా కాసేపు అక్కడే ఉండి చూడు.

లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. నీ చూపు కళ్లజోడు ఒక్కటే చాలదు, పక్కల నుంచి రవ్వ దూరుతుంది. గాగుల్స్, దాని మీద మొహమంతా కప్పే షీల్డు పెట్టుకోవాలి. రెండూ ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను, వెళ్లి తెచ్చుకో. బందులకి చిల్లులు వేసేటప్పుడు మాత్రం గ్లౌజులు తీసెయ్. డ్రిల్లు బిట్టుకి గుడ్డ చుట్టుకుంటే వేళ్లని కూడా లాగేస్తుంది.

షాపు కుర్రాడి దగ్గర గార్డు ఉంటే తెచ్చుకో. పారేశాడంటే మోడల్ నంబరు పంపు, ఇక్కడ వెతికి పంపిస్తాను. అది వచ్చేదాకా మిషను ముట్టుకోకు, గేటు వారం ఆలస్యమైనా పర్లేదు. సంక్రాంతికి వెల్డింగ్ మిషను వేసుకుని నేనే వస్తాను, ఇద్దరం కలిసి నిలబెడదాం.

చెల్లెమ్మనీ పిల్లలనీ అడిగానని చెప్పు.

నీ
రఘు